పంచుక రోజుల్లో గంజాం: జింకలు, తాబేళ్లు, అరటి దొప్ప పడవలు

2025 నవంబర్ 1, బరంపురం

మొంథా తుపాను తీరం దాటి అప్పటికి నాలుగు రోజులే, ఇచ్ఛాపురం దాటాక కూడా పొలాల్లో నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి, కొన్నిచోట్ల వరి మొత్తం ఒకపక్కకి పడిపోయింది. శరదృతువంటే పుస్తకాల్లో వెన్నెల గురించి రాస్తారు గానీ మా తీరంలో అక్టోబర్ వచ్చిందంటే ముందు రేడియో పెట్టుకుని కూర్చుంటాం. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే దాటింది, 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర. అందుకే బరంపురంలో మా పిన్ని ఎప్పుడూ ఒకటే మాట, "దసరాకి రాకురా, కార్తీకం ఆఖర్న రా, వానలు వెనకబడతాయి, ఊరంతా పండగే" అని.

బరంపురం ఒడిశాలో ఉన్నా సగం ఊరు మనదే అనిపిస్తుంది. షాపు బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల బేరం తెలుగులో నడుస్తుంది, ఆటో అబ్బాయి ఫోన్లో ఒడియా మాట్లాడి మనతో తెలుగులో చిల్లర అడుగుతాడు. పట్టు నేసే దేవాంగుల కుటుంబాలు తరాల కిందట ఇటొచ్చి స్థిరపడిపోయాయి, ఇక్కడి పట్టుచీర అంచుమీద గుడి గోపురాల్లాంటి కుంభాలు వరసగా ఉంటాయి, చూడగానే బరంపురం చీర అని చెప్పెయ్యొచ్చు. పిన్ని వాళ్ల వీధిలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది గానీ చిన్నప్పుడు విన్నంత లేదు.

నేను వెళ్లింది ఏకాదశినాడు. ఒడియా వాళ్లకి కార్తీకంలో ఆఖరి అయిదు రోజులు పంచుక, ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల నమ్మకం. నెలంతా తిన్నవాళ్లు కూడా ఈ అయిదు రోజులు చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. ఇక్కడ తెలుగిళ్లల్లో ఓ చిత్రమైన లెక్క ఉంది. ఒడియా నెల పౌర్ణమితో అయిపోతుంది, మన నెల అమావాస్యతో అయిపోతుంది, అంటే పౌర్ణమి మర్నాడు ఎదురింట్లో మాంసం ఉడుకుతుంటే పిన్ని ఇంట్లో ఇంకా కార్తీకమే, పోలి పాడ్యమి దాకా ఉల్లిపాయ కూడా రాదు. రెండు పంచాంగాల మధ్య ఒకే వీధి, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, అన్నేళ్లుగా అలాగే నడుస్తోంది.

సాయంత్రం ఎదురింటి మాఉసి, అంటే ఒడియాలో పిన్ని, తులసికోట చుట్టూ మురుజు వేస్తుంటే కూర్చుని చూశాను. మన ముగ్గులాంటిదే గానీ మొత్తం పొడులతో నింపేస్తారు, తెలుపు రాతిపొడి, పసుపుకి పసుపే, ఎండబెట్టిన ఆకులు దంచితే పచ్చ, కొబ్బరి చిప్ప కాల్చి నూరితే నలుపు. అంత పెద్దావిడ గంటసేపు వంగునే వేసింది, సాయం చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ ఈ నెలంతా హబిస, అంటే రోజుకి ఒక్కపూటే, పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పుతో దాల్మా. దాల్మాలో పసుపు వెయ్యరు, అరటికాయ, చేమదుంప, ఓఉ అని పుల్లటి పెద్ద కాయ ఒకటి వేసి పైన నెయ్యి, జీలకర్ర. మా ఇంటికి ఓ గిన్నె పంపింది. ఉప్పూకారం దట్టించిన కూరలకి అలవాటుపడిన నాలిక్కి మొదటి ముద్ద చప్పగా తగిలింది, మూడో ముద్దకి ఆ పులుపు, నెయ్యి కలిసి అసలు రుచి తెలిసింది. ఓఉ ముక్క పీచుగా ఉంటుంది, నమిలి పులుపు మింగి పిప్పి పక్కన పెట్టాలి.

నవంబర్ 2, భేట్నాయి

పొద్దున్నే పిన్ని కొడుకుతో కలిసి ఆస్కా బస్సెక్కా. ఆస్కాలో బస్టాండు పక్క బండిమీద టిఫిను, ఉప్మా మీద ఘుగుని, అంటే బఠాణీల కూర, పోసి ఆకు దొన్నెలో ఇస్తారు, ముప్ఫై రూపాయలు. పంచుక కదా అని బండాయన ఘుగునిలో ఉల్లిపాయ వెయ్యలేదు, అడక్కుండానే పైకి గట్టిగా చెప్తున్నాడు అందరికీ. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకున్నాం, రానుపోనూ వెయిటింగుతో 900. తుపాను నీళ్లకి ఒకచోట దారి మునిగిందని ఆటో అబ్బాయి చెరకుతోటల మధ్యనుంచి తిప్పాడు, ఆ తిప్పడంలో వేరే ఊళ్లో తేలాం, అక్కడ ఓ పెద్దాయన అరుగుమీంచి దిగొచ్చి కర్రతో నేలమీద దారి గీసి మరీ చూపించాడు.

భేట్నాయిలో అడవి లేదు. ఇదే ముందు తెలుసుకోవాల్సింది. గేటు లేదు, టికెట్ లేదు, వరి కోసిన మళ్లూ అపరాల చేలూ, వాటి మధ్య కృష్ణజింకలు. ఊరి పశువులు ఒకపక్క, జింకలు ఒకపక్క మేస్తున్నాయి. మగదాని వీపు నల్లగా నిగనిగలాడుతూ, పొట్ట తెల్లగా, మెలితిరిగిన కొమ్ములు, ఆడవి, పిల్లలు గోధుమరంగు. ఒక మంద రోడ్డు దాటాలనుకుంది, మొదటిది ఆగి మమ్మల్ని చూసింది, తర్వాత ఒక్కొక్కటీ కాలువమీంచి గాల్లోకి లేచింది, ఆఖరి పిల్ల రెండుసార్లు వెనక్కి తగ్గి మూడోసారి దూకింది. మేం ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయాం. గంజాం జిల్లాలో ఇవి వేలల్లో ఉన్నాయి, ఆంధ్రాకి కృష్ణజింక రాష్ట్ర జంతువు గానీ ఇన్ని ఒకేచోట చూడ్డానికి నేను సరిహద్దు దాటాల్సొచ్చింది.

ఎందుకు ఉన్నాయంటే ఊళ్లవాళ్లు ఉంచారు కాబట్టి. ఎప్పుడో తాతల కాలంలో కరువొచ్చిందట, వాన చుక్క లేదట, అప్పుడు ఈ జింకలు పొలాల్లోకి వచ్చాయట, వెంటనే వానలు పడ్డాయట. అప్పట్నుంచి చేలో పడినా తరమరు. కల్లం దగ్గర ఉన్న రైతుని తమ్ముడు ఒడియాలో అడిగాడు, పెసరచేను తినేస్తే నష్టం కదా అని. ఆయన చేతులు దులుపుకుని, "తింటాయి, మరి వాటికీ ఇక్కడే కదా ఇల్లు" అన్నాడు. ఆయనకి కోపం వచ్చేది ఊరకుక్కలమీద, పిల్ల జింకల్ని పట్టేస్తున్నాయని, రాత్రిళ్లు రోడ్డుమీద స్పీడుగా పోయే బళ్లమీద. ఈయన కడుపు నింపే చేను ఇది, దాంట్లో వాటా పోతున్నా ఇంత మామూలుగా మాట్లాడుతుంటే నాకు చాలా గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి బాబాయ్‌కి చెప్తే ఆయన వెంటనే యాజ్ఞవల్క్య స్మృతి అందుకున్నారు, రిటైరైన సంస్కృతం మాస్టారు మరి, నల్లజింక తిరిగే దేశంలోనే ధర్మాలు తెలుసుకోవాలని మొదట్లోనే చెప్పాడురా అని. ఆ సాయంత్రం క్షీరాబ్ది ద్వాదశి, తులసికోటలో ఉసిరికొమ్మ గుచ్చి పిన్ని దీపాలు పెట్టింది, ఎదురింటి మాఉసి వచ్చి ఒక దీపం తనూ వెలిగించి వెళ్లింది.

నవంబర్ 3, తప్తపాణి, చంద్రగిరి

ఈ రోజుకి కారు, డీజిల్‌తో కలిపి 3,200. తప్తపాణిలో గంధకం వాసనొచ్చే వేడినీళ్ల గుండం, జనం ఎక్కువ, అరగంటలో బయల్దేరిపోయాం. అక్కణ్ణుంచి ఘాటు రోడ్డు గజపతి జిల్లాలోకి ఎక్కుతుంది, తుపానుకి కొండ చరియలు జారి రోడ్డుమీదకొచ్చిన మట్టి పక్కలకి తోసేసి ఉంది, ఒకచోట జేసీబీ కోసం చాలాసేపు ఆగాం. ఆగినచోట సవర ఆడవాళ్లు గుమ్మడికాయలు, పచ్చి కందికాయలు పెట్టుకుని కూర్చున్నారు. ఉడకబెట్టిన కందికాయలు ఆకులో పది రూపాయలకి ఇచ్చారు, ఉప్పేసి ఉడికించినవి, ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన తిండి ఇదే.

చంద్రగిరి దగ్గర టిబెట్ వాళ్ల ఊళ్లున్నాయి, 1963లో శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చారు. జిరంగ్‌లో పద్మసంభవ మహావిహారం కట్టుకున్నారు, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. లోపల బుద్ధుడు, పద్మసంభవుడి విగ్రహాలు మెడ వెనక్కి వాల్చి చూడాలి. నాకు మాత్రం ఊరే ఎక్కువ పట్టుకుంది. మొక్కజొన్న కోత అయిపోయి కంకులు ఆరబెట్టేసి ఉన్నాయి, చాలా ఇళ్లకి తాళాలు. హోటల్లో తుక్పా అనే నూడుల్స్ సూపు వడ్డించిన పెద్దామె హిందీలో చెప్పింది, చలికాలం వస్తోంది కదా, పడుచువాళ్లంతా స్వెట్టర్లు అమ్మడానికి పట్టణాలకి వెళ్లిపోయారు, కొత్త సంవత్సరం లోసార్‌కి వస్తారు, అప్పటిదాకా ఈ ఊళ్లో ముసలాళ్లమూ, బౌద్ధ పిల్ల సన్యాసులూ, కుక్కలే అని. చలికాలంలో మా ఊరి మెయిన్‌రోడ్డు పక్క తాళ్లమీద స్వెట్టర్లు వేలాడేసి అమ్మే టిబెట్ వాళ్లని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, వాళ్ల ఇంటి తాళం ఎలా ఉంటుందో ఇక్కడ చూశాను. తుక్పా 100, మోమోలు 80, కారం పచ్చడి మాత్రం అడిగి తెచ్చుకోవాలి.

నవంబర్ 4, రంభ, పొదంపేట

రంభలో చిలికా ఒడ్డుకి తెల్లారకముందే వెళ్లాం. బోటు రెండు గంటలకి 1,800 చెప్పి 1,500కి వచ్చాడు. చిలికా మూడు జిల్లాల్లో పరుచుకున్న ఉప్పునీటి సరస్సు, 1981లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, దేశంలో మొదటిసారి ఎక్కినవాటిలో ఇదొకటి. పక్షులు పూర్తిగా దిగేది డిసెంబర్, జనవరిలో, ఇప్పుడు ముందొచ్చినవే ఉన్నాయి, సూదితోక బాతులు ఓ పెద్ద గుంపు, కొంచెం దూరంగా తలమీద రెండు నల్లగీతలున్న బాతులు, ఇవి హిమాలయాల మీంచి ఎగిరొస్తాయి. బోటాయన ఇంజన్ దూరంగానే ఆపేసి గెడతో తోశాడు, దగ్గరికెళ్తే లేచిపోతాయి, లేస్తే తిండి మానేసినట్టే కదా అన్నాడు. పక్క బోటువాళ్లు ఫొటోల కోసం ఈలలేస్తుంటే ఒడియాలో గట్టిగా కసిరాడు కూడా. ఆ మనిషికి ఇంకో వంద ఎక్కువిచ్చాం.

అక్కణ్ణుంచి గంజాం టౌను మీదుగా ఋషికుల్య నది సముద్రంలో కలిసేవైపు వెళ్లాం. దారంతా మొగలి పొదలు, ఈ జిల్లా మొగలిపువ్వు అత్తరుకి పేరు. పొదంపేట తెలుగు జాలర్ల ఊరు, వీళ్లని ఇక్కడ నోళియాలంటారు. పాత ఊరుని సముద్రం కోసేసింది, సగం గోడలు ఇసకలో నిలబడి ఉన్నాయి, తులసికోట ఒకటి వాలిపోయి ఉంది, జనం లోపలికి కట్టిన కొత్త ఇళ్లలోకి మారారు. బోట్లన్నీ ఒడ్డుమీదకి లాగి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఓ ముసలాయన పక్కన కూర్చున్నాం. ఆయన తెలుగు అచ్చంగా మా శ్రీకాకుళం తెలుగే.

"ఒకటో తారీకు నుంచీ బంద్ బాబూ. ఇంజన్ బోటు దింపితే పట్టుకుంటారు. మళ్లీ మే ఆఖరు దాకా ఇంతే."

కారణం తాబేళ్లు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు నవంబర్‌లో ఈ నీళ్లలోకి చేరతాయి, జతకడతాయి, ఫిబ్రవరి, మార్చిల్లో రాత్రిళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, ఒక్కోటీ వంద దాకా. ఊపిరి కోసం పైకి రావాలి కదా, వలలో ఇరుక్కుంటే మునిగి చనిపోతాయి. అందుకని ఋషికుల్య, దేవి, ధామ్రా నదుల ముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా నిషేధం. ఇక్కడ ఇంత పెద్ద ఎత్తున గుడ్లు పెడుతున్నాయని సైంటిస్టులు గుర్తించింది 1994లో, ఊరివాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. 2023లో 6 లక్షలు దాటాయి, 2024లో మందలుగా రానే రాలేదు, 2025 ఫిబ్రవరిలో మళ్లీ 7 లక్షల దాకా వచ్చాయి.

"తాబేలుని మేమేటి సేస్తాం బాబూ, అది శ్రీకూర్మం సామి కాదా? గుడ్లు పెట్టీనప్పుడు కుక్కలు రాకుండా మా కుర్రగుంటలే రాత్రిళ్లు కాపలా ఉంటారు. తాబేలు పిల్లలు లైట్లకేసి ఊళ్లోకి నడిసొచ్చేస్తే బుట్టల్లో ఎత్తి సముద్రంలో వదుల్తారు. అదంతా సేస్తాం. ఏడు నెల్లు తిండేటి అని అడిగితేనే మాట దొరకదు." ప్రభుత్వం ఏటా కొంత డబ్బు ఇస్తోంది గానీ వల, ఇంజన్ మీద తెచ్చిన అప్పు వడ్డీకే సరిపోతుందన్నాడు. ఇంకా బాధ ఏంటంటే పెద్ద ట్రాలర్లు రాత్రిపూట వచ్చి లాక్కుపోతుంటే వీళ్లు ఒడ్డున కూర్చుని దూరంగా వాటి లైట్లు లెక్కపెట్టుకోవాలి. ఈ మాట చెప్పేటప్పుడు వల మీంచి తలెత్తలేదాయన.

తిరిగొస్తుంటే కారులో నాకు ఇదే ఆలోచన. పంచుకలో చేప మానేసేది ఇంట్లోవాళ్లు, వాళ్లంతట వాళ్లు, అయిదు రోజులకి. భేట్నాయి రైతు జింకకి చేను వదిలేది కూడా తనకి తానే. ఈ జాలరి మాత్రం ఏడు నెలలు మనందరి తరఫున ఉపవాసం ఉంటున్నాడు, తాబేలు బతకాలని మనమంతా అనుకుంటాం, ఖర్చు ఆయన ఇంటిమీద పడుతోంది. నిషేధం ఉండాలి, నేను వద్దనను. ఆ ఏడు నెలల కూలి లెక్క గట్టి ఇవ్వాలి, చెయ్యి విదిలించినట్టు కాదు. కాపలా కాసే ఆ పిల్లలకి నెలకి ఇంత అని జీతం ఇవ్వడానికి ఏంటి అడ్డం? తాబేళ్లని చూడ్డానికి వచ్చే మనలాంటివాళ్ల దగ్గర తలా రెండొందలు తీసుకుని ఆ ఊరివాళ్లకే ఇచ్చినా ఎవరమూ కాదనం.

నవంబర్ 5, గోపాల్‌పూర్

తెల్లారుజామున మూడున్నరకే పిన్ని లేపేసింది. అరటి బోదె చీల్చి ముందురోజే పడవ చేసి పెట్టింది తమ్ముడి కూతురు, రంగు కాగితం తెరచాప, లోపల ప్రమిద, తమలపాకు, వక్క. ఒడియా వాళ్లు బోయిత బందాణ అంటారు, ఒకప్పుడు ఈ కళింగ తీరం నుంచి కార్తీకంలో ఈశాన్యగాలి పట్టుకుని జావా, బాలి, సుమత్రాలకి ఓడలు వెళ్లేవి, ఆ వర్తకుల గుర్తుగా ఇంటిల్లిపాదీ నీళ్లలో పడవ వదుల్తారు. గోపాల్‌పూర్ బీచి మీద నిలబడ్డానికి చోటు లేదు. లైట్‌హౌస్ వెనక చంద్రుడు, ఈ ఏడాదిలోకెల్లా పెద్ద చంద్రుడు ఆ రోజే, సముద్రంవైపు ఇంకా చీకటి, ఒడ్డంతా దీపాలు. "ఆ కా మా బై" అని ఆడవాళ్లు ఒకళ్లు మొదలుపెడితే వందమంది అందుకుంటున్నారు. అలకి కొన్ని పడవలు తిరిగి ఒడ్డుకే వచ్చేస్తాయి, వాటిని ఎవరైనా సరే, తెలియనివాళ్లయినా సరే, మోకాలి లోతు దిగి మళ్లీ లోపలికి తోస్తారు. మా పడవని ఎవరో పోలీసాయన బూట్లు చేత్తో పట్టుకుని తోశాడు. థర్మోకోల్ పడవలు కూడా చాలా వచ్చాయి, అది మాత్రం మనసుకి కష్టంగా ఉంది, ఈ నీళ్లలోకే కదా తాబేళ్లొచ్చేది.

మా పక్కన ఓ జాలరి మామ్మ మనవరాలితో వచ్చింది. వాళ్లు దీపంతోపాటు ఓ రూపాయి బిళ్ల పెట్టారు, ఎందుకని అడిగితే, "మా తాత రంగం ఎల్లేడు బాబూ, ఈ గోపాల్‌పూర్ నుంచే స్టీమరెక్కేడు. ఆయన సార్జీకి" అంది. మా వైపు ఏ ఊళ్లో అడిగినా రంగం, అంటే రంగూన్, వెళ్లిన తాత ఒకడుంటాడు, రంగూన్ రేవులో మోసి, మిల్లుల్లో పనిచేసి డబ్బు పంపినవాళ్లు. 1942లో జపాన్ వాళ్లు బర్మాలోకి వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చినవాళ్లు కొందరు, రానివాళ్లు కొందరు. ఆవిడ తాత రాలేదు. జావా వర్తకుల కోసం ఒడ్డంతా దీపాలు పెడుతుంటే వాటి మధ్య రంగం కూలి కోసం ఓ దీపం. నేను మా ముత్తాత పేరు చెప్పుకుని ఇంకో బిళ్ల ఆ పిల్ల చేతిలో పెట్టాను, ఆ పిల్ల దాన్ని జాగ్రత్తగా వక్క పక్కన సర్దింది.

ఆరింటికి సూర్యుడొచ్చాడు, జనం టీ బళ్ల మీద పడ్డారు. సాయంత్రం పిన్నితో శివాలయానికి వెళ్లాం, 365 వత్తులు, జ్వాలాతోరణం, అరగంటలో ఇంటికొచ్చేశాం, అందరికీ నిద్ర.

నవంబర్ 6, బరంపురం

ఈ రోజు ఛాడఖాయి. నెలంతా నియమం ఉన్న ఒడియా ఇళ్లలో ఇవాళ పొద్దున్నే సంచులు బయటకొస్తాయి. ఆరింటికే మటన్ కొట్టు ముందు లైను వీధి మలుపు తిరిగింది, కిలో 900, ఎవరూ బేరమాడ్డం లేదు. తమ్ముడు ఎదురింటివాళ్ల కోసం చేపలు తేవాలంటే నేనూ వెళ్లాను. మార్కెట్లో మంచు పెట్టెలు దించుతున్నారు, రోహు, కట్ల, అన్నీ ఆంధ్రా చెరువుల చేపలు, లారీలమీద భీమవరం వైపు నుంచి వచ్చినవి. అమ్మేవాళ్లలో నోళియా ఆడవాళ్లున్నారు. సముద్రం చేప లేదామ్మా అంటే ఒకావిడ మూతమీద చెయ్యి పెట్టి, "ఉంది బాబూ, తెప్పమీద పట్టింది, కొంచివే, కిలో 500" అని చూపించింది, చిన్న కవళ్లు, ఇంకా మెరుస్తున్నాయి. చెరువు రోహు 220. జనం రోహు దగ్గరే మూగారు. తమ్ముడు అవే తీసుకోబోతుంటే ఆపి కవళ్లే రెండు కిలోలు తీసుకున్నాం, మిగతా డబ్బు నేను వేశాను. పొదంపేటదా అని అడిగాను, కాదు, ఆర్జిపల్లి అంది.

మధ్యాహ్నం మాఉసి ఇంట్లోనే నా భోజనం, పిన్నే పంపింది, "మా ఇంట్లో ఇంకా పద్నాలుగు రోజులుందిరా, నువ్వు వెళ్లి తిను, వచ్చేటప్పుడు చెయ్యి కడుక్కునిరా" అని. ఆవాలు నూరి పెట్టిన కూర, ముల్లు తియ్యడానికి ఓపిక కావాలి. నెలంతా ఒక్కపూట తిన్న మాఉసి మాకందరికీ రెండోసారి వడ్డించాకే తన కంచం పెట్టుకుంది.